ఇరవై రెండంగుళాల అడుగు

మా వీధిలో ఉన్న బోర్డులన్నీ ఒక్క చేతి రాతే. మందుల షాపు, సైకిల్ షాపు, కళ్ళజోళ్ళ షాపు, ఆఖరికి క్లినిక్ గోడ మీద 'ఇక్కడ ఏమీ రాయరాదు' అని రాసిందీ ఆయనే. ఆయన్ని అందరూ రూళ్ళకర్ర అంటారు. మనిషి కర్రలా ఉంటాడని కాదు. పొట్టి, బొద్దు, నడిస్తే పీపా దొర్లినట్టుంటుంది. నలభై ఏళ్ళలో ఒక్కనాడు కూడా అక్షరాలకు పైనో గీత, కిందో గీత గీసుకుని ఎరగడు. మిగతావాళ్ళు రూళ్ళకర్ర పెట్టి గీసేదాన్ని ఆయన కంటితో గీసేవాడు. అందుకని ఆ పేరు.

నేను పక్క కొట్లో ఆయన బోర్డులకు చట్రాలు చేస్తాను. ఆయనకు తెలియకుండా ఎన్నోసార్లు ఆ అక్షరాల కింద దారం పట్టి చూశాను. నూలు తేడా కనబడలేదు. నూలంటే మా పనిలో అంగుళంలో ఎనిమిదో వంతు. గీతలు గీసుకుని రాసే పెయింటర్లను చూస్తే ఆయనకు నవ్వు. "మీసాలొచ్చాక కూడా మూడు చక్రాల బండి పట్టుకుని నడుస్తున్నారు" అనేవాడు.

ఆరేళ్ళ కిందట ఆయన కుడిచేతి బొటనవేలూ చూపుడువేలూ వాటంతటవే ఒకదానికొకటి రాసుకోవడం మొదలుపెట్టాయి. ఆయన భార్య, మా వదిన, చూసి, "ఏంటా వేళ్ళు? కూర్చుని మాత్రలు చుడుతున్నారా?" అంది. నెల తర్వాత పెద్ద డాక్టరు పరీక్ష చేసి, ఇది పార్కిన్సన్స్ అనీ, వేళ్ళు మాత్రలు చుడుతున్నట్టు కదలడం దాని గుర్తు అనీ చెప్పాడు.

"ఆ ముక్క మా ఆవిడ పోయిన నెలే చెప్పింది సార్. ఏడో తరగతి చదివింది" అన్నాడు రూళ్ళకర్ర.

ఆ జబ్బులో ఒక తమాషా ఉంది. ఆయన చేయి ఖాళీగా ఉంటేనే వణుకుతుంది. కుంచె పట్టి రేకుకు ఆన్చితే బుద్ధిగా ఉంటుంది. ఈ సంగతి తెలిశాక వదిన, "అయితే ఇది జబ్బు కాదు, నా మొర దేవుడు విన్నాడు" అని, ఆయన కాస్త కాళ్ళు చాపుకుని కూర్చుంటే చాలు, ఒళ్ళో ఉల్లిపాయల బుట్ట పెట్టేది.

తర్వాత ముఖం బిగుసుకుంది. నవ్వొచ్చినా, కోపమొచ్చినా, నిద్రొచ్చినా ఒకటే ముఖం. జోకులు మాత్రం తగ్గలేదు. దాంతో వచ్చిన తంటా అంతా ఇంతా కాదు. కళ్ళజోళ్ళ షాపతను ఒకరోజు, "అన్నా, నా బోర్డు అయిందా?" అని వచ్చాడు. "అయిపోయిందిగా, కనబడట్లేదా?" అన్నాడీయన ఖాళీ రేకు చూపించి. పాపం ఆ మనిషి రేకును అటూ ఇటూ తిప్పి చూసి, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

మూడో ఏటికి అసలు దెబ్బ తగిలింది. రాస్తున్నకొద్దీ అక్షరాలు చిన్నవైపోవడం మొదలైంది. సైకిల్ షాపు బోర్డు మొదటి అక్షరం గుమ్మడికాయంత ఉంటే చివరిది ఆవగింజంత వచ్చింది. సైకిల్ షాపతను మాత్రం సంబరపడ్డాడు. "భలే ఉందన్నా, సైకిలు దూరంగా తొక్కుకుంటూ వెళ్ళిపోతున్నట్టుంది" అన్నాడు. రూళ్ళకర్ర దాని మీద నల్లరంగు పూసేశాడు. ఆ రోజు నుంచి బోర్డులు మానేశాడు. ఇంటి నంబర్లు రాసేవాడు, అదీ నాలుగంకెలు దాటకుండా.

ఆ వెనకే కాళ్ళ పేచీ వచ్చింది. గుమ్మం దగ్గరికొస్తే పాదాలు నేలకు జిగురేసినట్టు ఆగిపోయేవి. మనిషి పైనుంచి ముందుకు వంగుతాడు, కాళ్ళు మాత్రం రామంటాయి. అలాంటి మనిషి ఒకరోజు మా కొట్ల ముందు రోడ్డు దాటే తెల్ల పట్టీల మీద గబగబా నడిచి అవతలికి పోయాడు. పోయి ఆగి, వెనక్కి తిరిగి చూసుకుని, మళ్ళీ ఇవతలికొచ్చాడు. మళ్ళీ అవతలికి. నాలుగోసారికి ట్రాఫిక్ కానిస్టేబుల్ ఈల ఊదాడు.

"పెద్దాయనా! రోడ్డు దాటుతున్నారా, ఇస్తిరీ చేస్తున్నారా?"

"పరీక్షిస్తున్నా" అన్నాడు రూళ్ళకర్ర, అదే రాతి ముఖంతో. "ఎవరు గీశారో గానీ మూడో పట్టీ వంకర."

ఆ సాయంత్రం వదిన బజారు నుంచి వచ్చేసరికి మంచం దగ్గర నుంచి బాత్రూమ్ దాకా నేల మీద తెల్ల గీతలు. పదిహేనంగుళాలకొకటి, ఆయన అడుగు అంతే.

"ఇది ఇల్లా, పరుగుపందెం మైదానమా?" అని అరిచింది.

"పందెమే. నాకూ బాత్రూమ్‌కీ. ఇన్నాళ్ళూ అదే గెలుస్తోంది" అన్నాడాయన.

గీత కనబడితే దాన్ని దాటాలని కాలికి తోస్తుంది. ఎందుకో ఆయనకు తెలియదు, నాకూ తెలియదు. క్లినిక్ వెనక గదిలో ప్రతి గురువారం ఈ జబ్బు వాళ్ళకు కసరత్తు చేయించే ఫిజియోథెరపీ అమ్మాయికి చెబితే, "అవును, చాలామందికి పనిచేస్తుంది. మీకెవరు చెప్పారు?" అంది. "కానిస్టేబుల్" అన్నాడు.

ఆ గురువారం గదిలో ఎనిమిది మంది ఉండేవారు. గట్టిగా 'ఆ' అని అరవడం, చేతులు బారలు చాపడం, పెద్ద అడుగులు వేయడం, అదీ పని. కొత్తగా ఎవరైనా వచ్చి మూల కూర్చుంటే మిగతావాళ్ళు ధైర్యం చెప్పేవారు. రూళ్ళకర్ర చెప్పేవాడు కాదు. పక్కన కూర్చుని ఒకటే అడిగేవాడు: "ఏ పని ఆగింది?"

ఊళ్ళోవాళ్ళందరికీ బట్టలు కుట్టి, తన జాకెట్ గుండీలు తాను పెట్టుకోలేకపోతున్నానని ఒక టైలరమ్మ ఏడ్చింది. మర్నాడు నా కొట్టుకొచ్చి కర్ర పిడి ఒకటి చేయించుకున్నాడు. దానికి తీగ కొక్కెం బిగించి, గుండీని కన్నంలోంచి లాక్కోవడం ఆమెకు చూపించాడు. ఆమె కళ్ళు తుడుచుకుని, ముందు ఆ పిడి నునుపు సరిగ్గా లేదని నన్ను తిట్టింది. అప్పుడు తెలిసింది, ఆమె బాగుపడిందని.

ఆ గదిలోనే డబుల్ హారన్ కూడా ఉండేవాడు. ముప్పై ఒక్క ఏళ్ళు టౌన్ బస్సు నడిపాడు. ఆరడుగుల మనిషి. ఎప్పుడూ ఒక్కసారి హారన్ కొట్టి ఊరుకున్న పాపాన పోలేదు. అదే బస్సులో కండక్టరుగా చేసినామె ఆయన భార్య. ఆయనకు జబ్బు మూడేళ్ళ కిందట వచ్చింది. ముందు గొంతు పోయింది. ఇప్పుడు ఆయన మాట వినాలంటే మనం ఊపిరి బిగబట్టాలి. రూళ్ళకర్రా ఆయనా ఒకరినొకరు బావా అనుకునేవారు, జబ్బులో ఎవరు సీనియరో రోజూ పోట్లాడుకునేవారు.

ఒకరోజు డబుల్ హారన్ క్లినిక్ పై అంతస్తుకు రక్తపరీక్షకని లిఫ్టు దగ్గరికెళ్ళాడు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట, అంతే, ఆగిపోయాడు. తలుపు వచ్చి తగలడం, తెరుచుకోవడం, మళ్ళీ వచ్చి తగలడం. లోపల ఉన్నాయన ఒకడు విసుక్కుని, "ఎక్కుతావా, దిగుతావా? ఏదో ఒకటి తేల్చు" అన్నాడు.

ముప్పై ఒక్క ఏళ్ళుగా డబుల్ హారన్ ఫుట్‌బోర్డు మీద జనాన్ని అన్న మాట అదే, అక్షరం పొల్లు పోకుండా. ఇంటికెళ్ళి, "బండి షెడ్డుకెళ్ళిపోయింది" అని కిటికీ పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఏడు వారాలు గుమ్మం దాటలేదు.

రూళ్ళకర్ర నన్ను వెంటబెట్టుకుని, రోడ్డుకి ఇవతల క్లినిక్‌కి ఎదురుగా ఉన్న వాళ్ళింటికెళ్ళాడు. ఎప్పుడూ లేనిది ఆ రోజు ఉపన్యాసం మొదలుపెట్టాడు. మనిషన్నాక కష్టాలొస్తాయి బావా, గుండె దిటవు చేసుకోవాలి బావా అని ఏదేదో చెప్పాడు. డబుల్ హారన్ అంతా విన్నాడు.

"బావా, నీ మొహం చూస్తే చావుకబురు చల్లగా చెబుతున్నట్టుంది. ఇంక ఆపు."

"నా మొహం సంగతి వదిలేయ్. గుమ్మం దాటు."

"నువ్వు బోర్డు రాయి."

డబుల్ హారన్ వదల్లేదు. ఆ గొంతులో ఉన్న కాస్త గాలినీ కూడగట్టుకుని అన్నాడు: "మన గురువారం గదికి బోర్డు లేదు. కళ్ళ పరీక్షకొచ్చిన వాళ్ళు దారి తప్పి మనతో కసరత్తు చేసి పోతున్నారు. దానికి రాయి. మొదటి అక్షరం ఎంత ఉందో చివరి అక్షరం అంత ఉండాలి. ఉంటే, నా కాళ్ళతో నేనొచ్చి టేపు పెట్టి కొలుచుకుంటా. లేకపోతే నా గుమ్మంలోకొచ్చి ధైర్యం గియిర్యం అనకూడదు. పందెం."

రూళ్ళకర్ర ఒప్పుకోడని ఆయన ధీమా. ఈయన చేయి ముందుకు చాపాడు. వణికే చేయి, వణికే చేయి కలిశాయి. ఎవరు ఎవరి చేయి ఊపుతున్నారో తెలియలేదు.

వంటింట్లోంచి కండక్టరమ్మ వచ్చింది. "అంతా విన్నాను. టికెట్ కొట్టేశా. ఇంక మధ్యలో దిగడానికి లేదు ఇద్దరికీ."

నేను వెళుతుంటే గేటు దాకా వచ్చింది. అక్కడ ఆ నవ్వు లేదు. "తమ్ముడూ, నిన్న ఆయన్ని కుర్చీలోంచి లేపడానికి ఇద్దరం పట్టాం. కూర్చున్నకొద్దీ బిగుసుకుపోతారని డాక్టర్ చెప్పాడు. ఇంకో నెల ఇలాగే ఉంటే కుర్చీ ఏదో మనిషి ఏదో తెలియదు. మీ అన్న చేత ఆ బోర్డు రాయించు."

"పందెం గెలవడం తర్వాత. గెలిచాక బావ నడవడానికి దారుండాలి కదా" అని రూళ్ళకర్ర ముందు గీతల పని పెట్టుకున్నాడు. కండక్టరమ్మ సరేనంది. గుమ్మం నుంచి గేటు దాకా వరండా మీద తెల్ల ఎనామిల్‌తో పంతొమ్మిది గీతలు గీశాడు. అంచులు కత్తితో కోసినట్టున్నాయి. రాత్రంతా ఆరనిచ్చాడు. పొద్దున వెళ్ళి, గుమ్మం పక్కన పళ్ళెంలో కాస్త రంగు పోసుకుని, మొదటి గీత కొస దిద్దుతూ, "రా బావా, ఊరికే ఒకసారి చూసుకో. పందెంలోకి రాదులే" అన్నాడు.

డబుల్ హారన్ వచ్చాడు. గీత చూశాడు. ఆశ్చర్యం, కాలు లేచింది. లేచిన కాలు మొదటి గీత దాటి, రెండో గీత కూడా దాటబోయి, దాటాలో ఆగాలో తెలియక గాల్లో ఆగింది. ఆరడుగుల మనిషి ఒంటికాలి కొంగలా నిలబడి ఒక గీతను చూస్తాడు, ఇంకో గీతను చూస్తాడు. నేను ఒక రెక్క పట్టుకున్నాను. ఆయన పక్కకు తూలి, కుడికాలు నేరుగా రంగు పళ్ళెంలో పెట్టాడు.



"ఇదా నీ దారి?" అన్నాడు డబుల్ హారన్. నా చేయి విదిలించుకుని, గిర్రున తిరిగి, ఇంట్లోకి పోయి కుర్చీలో కూలబడ్డాడు. "పందెం రద్దు!"

"రద్దు చేయడానికి నువ్వెవరు?" అంది కండక్టరమ్మ. "చింపిన టికెట్ వెనక్కి తీసుకోం." అన్నదే గానీ ఆమె కళ్ళు నేల మీద ఉన్నాయి. హాలంతా తెల్ల పాదం ముద్రలు. అందరం ఆ రంగునే చూశాం. ఆ మనిషి ఎలా నడిచి వెళ్ళాడో ఎవరమూ చూడలేదు.

రూళ్ళకర్ర ఇంటికొచ్చి, కొట్టు తలుపు సగం వేసుకుని కూర్చున్నాడు. మధ్యాహ్నం మాత్ర కూడా వదిన గుర్తుచేస్తే వేసుకున్నాడు. సాయంత్రం నా కొట్టు ముందుకొచ్చి నిలబడి, చెక్క చిత్రిక పడుతున్న నన్ను అడిగాడు.

"తమ్ముడూ, తలుపు కొలవకుండా చట్రం చేస్తావా?"

"ఎందుకు చేస్తానన్నా?"

"నేను చేశాను. నా అడుగు పదిహేను. అది తీసుకెళ్ళి బావ కాలికి తొడిగాను. మనిషి నాకంటే జానెడున్నర పొడుగు. నలభై ఏళ్ళు పనిచేసి ఏం లాభం?" తల పక్కకు వాల్చాడు. ఏదో లెక్క తడితే అలా వాలుస్తాడు. "అవునూ, లోపలికి ఎలా వెళ్ళాడు?"

"కోపంగా వెళ్ళాడు."

"కోపంగా కాదురా, ఎలా వెళ్ళాడు? ఎక్కడా ఆగలేదు! టేపు తీసుకో!"

వాళ్ళింటికి మేం వెళ్ళేసరికి కండక్టరమ్మ నేల మీద కూర్చుని టర్పెంటైన్ గుడ్డతో ముద్రలు తుడుస్తోంది. రెండు పోయాయి, నాలుగున్నాయి.

"తుడవకు చెల్లెమ్మా!" అని రూళ్ళకర్ర అరిచాడు. గురువారాల 'ఆ' కసరత్తు ఎందుకు చేయిస్తారో ఆ రోజు తెలిసింది. వీధి చివరిదాకా వినబడింది.

ఆయన టేపు ఒక కొస పట్టుకున్నాడు, నేనొకటి. రంగులో పడింది కుడికాలు ఒక్కటే, అందుకని కుడికాలి ముద్ర నుంచి కుడికాలి ముద్రకు కొలిచాం. నలభై నాలుగు. తర్వాతది నలభై నాలుగు. ఆ తర్వాతది నలభై మూడున్నర, అక్కడ కుర్చీ అడ్డమొచ్చింది.

"సగం ఇరవై రెండు" అన్నాడు రూళ్ళకర్ర. కుర్చీలో ఉన్న మనిషి కాలి మీద ఇంకా తెల్లరంగుంది. "బావా, నీ అడుగు ఇరవై రెండంగుళాలు. పొద్దున కోపంలో సంతకం చేసిచ్చావు."

డబుల్ హారన్ కిటికీలోంచి బయటికి చూస్తూ, "కోపం రోజూ రాదు" అన్నాడు.

"ఈ అన్నయ్యను రోజూ రప్పిస్తా, అదే వస్తుంది" అంది రూళ్ళకర్రను చూపించి, వంటింట్లోకి పోతూ కండక్టరమ్మ.

పాత గీతలు తుడిచేసి పసుపు రంగుతో ఇరవై రెండుకొకటి గీశాం. తెల్లరంగు చారలు పూర్తిగా పోలేదు. వరండా గళ్ళ దుప్పటి పరిచినట్టయింది. ఈసారి గేటు దగ్గరితో ఆపలేదు. రోడ్డుకి అవతల క్లినిక్ పక్క సందులో, కసరత్తు గది గుమ్మం దాకా గీశాం. గది గుమ్మం ముందు మాత్రం నాలుగంగుళాల లావు గీత ఒకటి వేశాడు. "ఇదెందుకన్నా?" అంటే, "డ్రైవరు గీత చూస్తే కదులుతాడో లేదో గానీ, ఆగాల్సిన గీత చూస్తే ఆగుతాడు" అన్నాడు.

ఇక బోర్డు మిగిలింది. ఏం రాయాలని ఫిజియోథెరపీ అమ్మాయిని అడిగితే, 'నాడీ సంబంధ చలన సమస్యల వ్యాయామ కేంద్రం' అని కాగితం ఇచ్చింది.

"తల్లీ, ఇంత రాస్తే నా చివరి అక్షరం భూతద్దంలో వెతుక్కోవాలి" అన్నాడు. చివరికి ఇద్దరూ ఒప్పుకున్నది ఇది: 'గురువారం కసరత్తు గది. తొందర లేదు.'

నేను మంచి చట్రం కట్టి, రేకు బిగించి, నల్లరంగు వేసి ఆరబెట్టి ఇచ్చాను. ఆయన పీట మీద కూర్చుని, కుంచె చేత్తో పట్టుకుని, ఆ రేకునే చాలాసేపు చూశాడు. కుంచె ముంచలేదు. నేను నా పనిలో ఉన్నట్టు నటించాను.

"తమ్ముడూ. నీ దారం తే."

మొదట నాకు అర్థం కాలేదు. చెక్క కోసేముందు తిన్నగా గీత పడడానికి నీలం పొడి రాసిన దారం లాగి కొడతాం. అది అడుగుతున్నాడు. అక్షరాలకు గీత కొట్టుకోవడానికి. నలభై ఏళ్ళ తర్వాత.

తెచ్చి ఒక కొస నేను పట్టుకున్నాను. రెండో కొస ఆయన పట్టుకున్నాడు. చేయి గాల్లో ఉంది కాబట్టి దారమంతా తేనెటీగలా ఝుమ్మంటోంది. పిడికిలి రేకుకు ఆన్చాడు. దారం ఆగింది. నేను లాగి వదిలాను. పైన ఒక నీలం గీత పడింది, కింద ఒక నీలం గీత.

"బావ కాలికి గీత గీశాను కదా. నా చేతికి గీసుకోవడానికి సిగ్గేంటి?" అన్నాడు. వెంటనే, "మూడు చక్రాల బండి వచ్చేసింది. మీ వదినకు చెప్పకు" అన్నాడు. ముఖంలో ఏమీ లేదు. నాకు నవ్వొచ్చింది, కళ్ళు కూడా కాస్త మండాయి. టర్పెంటైన్ వాసన వల్ల కావచ్చు.

మాత్ర వేసుకుని, అది పట్టేదాకా నలభై నిమిషాలు ఆగి మొదలుపెట్టాడు. 'గురువారం' బ్రహ్మాండంగా వచ్చింది. 'కసరత్తు' దగ్గర చేయి సన్నగిల్లబోయింది. "పైన ముట్టు, కింద ముట్టు" అని ప్రతి అక్షరానికీ గొణుక్కుంటూ రాశాడు. ఒకోసారి కుంచె పై గీత దాకా పోకుండా మధ్యలోనే మళ్ళుదామని చూసేది. ఆపి, తిట్టి, పైకి పంపించేవాడు. మధ్యలో రెండో మాత్ర పడింది. మూడున్నర గంటలకు చివరి చుక్క పెట్టి కుంచె కింద పెట్టగానే, అప్పటిదాకా బుద్ధిగా ఉన్న చేయి గడగడమని ఊగడం మొదలుపెట్టింది. "ఇప్పుడు ఊగు. పని అయిపోయింది" అన్నాడు దానితో.

బోర్డు అయిందని కబురు పంపితే డబుల్ హారన్ తెలివి చూపించాడు. "ఇక్కడికి పట్టుకురా, కూర్చునే కొలుస్తా" అన్నాడు. నేను అది ముందే ఊహించాను. ఎనిమిది మరలతో గది గోడకు బిగించేశాను, తలలు అరిగేదాకా తిప్పి.

గురువారం పొద్దున కసరత్తు గది మొత్తం వాళ్ళ గేటు ముందుకొచ్చింది. డబుల్ హారన్ ఉతికిన చొక్కా వేసుకుని, చొక్కా జేబులో టేపు పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ముందు పసుపు గీతలు. కాలు లేవలేదు.

"పెద్ద అడుగు వేయండన్నయ్యా!" అంది టైలరమ్మ. "లెఫ్ట్! లెఫ్ట్!" అని ఫిజియోథెరపీ అమ్మాయి. "గీత చూడు బావా, నన్ను కాదు!" అని రూళ్ళకర్ర. మా వదిన, "పోనీ ఆయనకి కోపం తెప్పించండి, నాకు బాగా వచ్చు" అంది. నలుగురూ నాలుగు మాటలు. ఆ గోలకు మనిషి ఇంకా బిగుసుకున్నాడు. నుదుటి మీద చెమట. కుర్చీ వైపు వెనక్కి చూశాడు. ఇంకొక్క క్షణముంటే వెనక్కి తిరిగేవాడే.

కండక్టరమ్మ పెరటి తలుపు గడియ పెట్టి, సంచీ భుజాన వేసుకుని వచ్చింది. జనాన్ని చూసింది, దారికడ్డంగా ఆగిన మొగుణ్ణి చూసింది. ఆలోచించి చేసిందని నేననుకోను. పాత అలవాటు. తలుపు చెక్క మీద అరచేత్తో రెండుసార్లు ధబధబా చరిచింది.

"రైట్ రైట్!"

బండి కదిలింది.

ఇరవై రెండు, ఇరవై రెండు, ఇరవై రెండు. ఒక్క గీతా తప్పలేదు. వరండా అయింది, గేటు అయింది. రోడ్డు మీద పట్టీల దగ్గర కానిస్టేబుల్ రెండు చేతులూ చాపి అటో బస్సునీ ఇటో లారీనీ ఆపేశాడు. బస్సు డ్రైవరు హారన్ కొడితే డబుల్ హారన్ నడుస్తూనే అటు తిరిగి, "ఒక్కసారేనా? ఏం డ్రైవరువి?" అన్నాడు. ఆ గుసగుస ఎవరికీ వినబడలేదు, పక్కనున్న మాకు తప్ప.

సందులోకి వచ్చేసరికి నేల పల్లంగా ఉంది. అడుగులు వేగమయ్యాయి, చిన్నవయ్యాయి, మనిషి ముందుకు తూగాడు. ఈ జబ్బులో అదో ప్రమాదం, మొదలైన నడక ఆగదు. నేను పట్టుకోబోయాను.

"హోల్డాన్!" అంది వెనక నుంచి కండక్టరమ్మ.

లావు గీత మీద, టైరు గీతకు ఆన్చినట్టు, ఆగాడు.

అందరూ చప్పట్లు కొట్టబోతే చెయ్యెత్తి ఆపాడు. జేబులోంచి టేపు తీశాడు. పందెం పందెమే. బోర్డు మనిషి ఎత్తులోనే ఉంది. ఒక కొస ఆయన పట్టుకున్నాడు, రెండోది రూళ్ళకర్ర పట్టుకున్నాడు. టేపు తాటాకు విసనకర్రలా రెపరెపలాడింది. "నేను పట్టుకుంటా" అన్నాను. "పందెంలో నువ్వేమన్నా పార్టీవా? తప్పుకో" అన్నారిద్దరూ. చివరికి అంకెలు చదవడానికి కండక్టరమ్మ ఒప్పుకుంది, టేపుతో పాటు తలకాయ ఊపుకుంటూ చూసి చెప్పింది.

"మొదటి 'గు'... ఆరంగుళాలు." చివరికి జరిగారు. "చివరి 'దు'..." ఆమె మళ్ళీ చూసింది. "ఆరుకి నూలు తక్కువ."

నేను నా చట్రం వైపు చూశాను.

"ఓడిపోయావు బావా" అన్నాడు డబుల్ హారన్.

"ఓడిపోయా. నీ గుమ్మంలో ఇంక ధైర్యం అనను" అన్నాడు రూళ్ళకర్ర, ఆ రాతి ముఖంతోనే. "నువ్వు రావాల్సిన పనే లేదు అసలు. ఇంటికెళ్ళిపో."

డబుల్ హారన్ వెనక్కి తిరిగి చూశాడు. సందు, రోడ్డు, కానిస్టేబుల్, గేటు, అన్నీ అక్కడెక్కడో ఉన్నాయి. అంత దూరం తానే వచ్చానా అన్నట్టు చూశాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు, రైట్ అంటుందేమోనని. ఆమె అప్పటికే గదిలో కుర్చీ లాక్కుని కూర్చుని, సంచీలోంచి నీళ్ళ సీసా తీస్తోంది.

"ఈ ట్రిప్పు ఇక్కడిదాకే. తిరుగు బండి గంట తర్వాత" అంది.

లావు గీత ముందే ఉంది. ఆయన దాన్ని చూశాడు, దాటాడు, లోపలికొచ్చి టైలరమ్మ పక్కన నిలబడి 'ఆ' అన్నాడు. ఏడు వారాల తర్వాత వచ్చిన గొంతు. అరిగిన హారన్‌లా ఉంది గానీ, మోగింది.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. రూళ్ళకర్ర మళ్ళీ బోర్డులు రాస్తున్నాడు, నెలకొకటో రెండో. నా నీలం దారం ఇప్పుడు ఆయన కొట్లోనే ఉంటుంది. నాకు కావాలంటే నేనే వెళ్ళి అడిగి తెచ్చుకోవాలి. గురువారం గది బోర్డు మీద ఆ నీలం గీతలు తుడిచేస్తానని ఒకసారి గుడ్డ తీసుకెళ్ళాను. వద్దన్నాడు. కొత్తవాళ్ళకు కనబడనీ అన్నాడు.

డబుల్ హారన్ ప్రతి గురువారం ముందుగా వస్తాడు. గదిలోకి పోకుండా జేబులోంచి టేపు తీసి చివరి అక్షరం కొలుస్తాడు.

"ఏమన్నా పెరిగిందా బావా?" అంటాడు రూళ్ళకర్ర.

"లేదు. వచ్చేవారం చూద్దాం."